తీరిక లేదా, ఓపిక లేదా? రోజును దిద్దుకునే ఐదు పద్ధతుల్లో మీకు నప్పేది ఏది

పోయిన వేసవిలో ఒక సాయంత్రం. ఆఫీసు నుంచి విశాఖ గోపాలపట్నంలో మా ఇంటికి చేరేసరికి ఏడుంపావు. చెమటకి చీర ఒంటికి అంటుకుపోయింది. ఫ్యాను కింద కూర్చుని ఫోను తీశాను. ఎనిమిదిన్నరకి మా అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, నా ఒళ్ళో అలాగే ఉన్న బ్యాగు వైపు చూశారు. "ఏటమ్మా, రోజూ టైము లేదు టైము లేదంటావు. గంటంపావు నుంచి అలాగే కూకున్నావు. నీకు టైము ఉందే, ఓపికే లేదు" అన్నారు. కోపంగా కాదు, జాలిగానే.

అప్పటిదాకా ఆ రెండూ వేరని నాకు తట్టలేదు. "తీరికా లేదు, ఓపికా లేదు" అని ఒక్క ఊపిరిలో అనేస్తాం కదా, అందుకే రెండూ ఒకటే అనిపిస్తాయి. తీరిక చాలనివాళ్ళకి పనికొచ్చే పద్ధతి, ఓపిక చాలనివాళ్ళ నెత్తిన ఇంకో బరువవుతుంది. నేను ఏడాదిగా ఐదు పద్ధతులు పట్టుకుని చూశాను. కొన్ని నిలిచాయి, కొన్ని వారం కూడా ఆగలేదు. ఏది మొదలుపెట్టాలో తేలక ఆగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

## ముందు మీ సంగతి తేల్చుకోండి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న అత్తయ్య అడిగినదే. మీకు తక్కువైంది ఏది? చిన్న పరీక్ష ఉంది. అనుకోకుండా మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ దొరికిందనుకోండి. పెండింగులో ఉన్న పని ఒకటి వెంటనే గుర్తొచ్చి లేస్తారా, లేక ముందు ఒళ్ళు వాల్చాలనిపిస్తుందా? లేచేవాళ్ళకి తీరిక తక్కువ. వాలిపోయేవాళ్ళకి ఓపిక తక్కువ. నేను రెండో రకం. అది తెలియక నాలుగు నెలలు మొదటి రకం మందులు మింగాను.

రెండోది, మీ రోజు ఎవరి చేతిలో ఉంది? బస్సు, షిఫ్టు, బడి గంట, పై అధికారి ఫోను, పసిపిల్ల నిద్ర, వీటిని మనం కదపలేం. ఇవన్నీ పోగా మీ ఇష్టానికి మిగిలే గంటలెన్నో లెక్క వేయండి. నాకు మామూలు రోజున మూడు మిగిలాయి. పద్ధతి ఏదైనా ఆ మూడింటికే.

ఇంకో మూడు విషయాలు చూసుకుంటే చాలు: పని మధ్యలో ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది, ఆ పద్ధతిని నడపడానికే ఎంత పని పడుతుంది, ఒకరోజు తప్పితే మర్నాడు సులువుగా అందుకోగలమా లేదా. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే మూడు రోజులు ఏ పద్ధతీ నడవదు. నాలుగో రోజున మళ్ళీ ఎత్తుకోలేకపోతే ఆ పద్ధతి మన ఇళ్ళకి పనికిరాదు.

| పద్ధతి | దేనికి మందు | పద్ధతికే పట్టే సమయం | మధ్యలో ఆటంకం వస్తే | ఒకరోజు తప్పితే |
|---|---|---|---|---|
| ఆరు పనుల చీటీ | తీరిక, మరచిపోవడం | రాత్రి 5 నిమిషాలు | తట్టుకుంటుంది | మర్నాడు కొత్త చీటీ |
| గంటల పట్టీ | తీరిక | రోజూ 15 నిమిషాల పైనే | చెదిరిపోతుంది | మళ్ళీ మొత్తం గీయాలి |
| 25 నిమిషాల టైమర్ | పని మొదలుపెట్టలేకపోవడం | దాదాపు ఏమీ లేదు | ఆ విడత పోతుంది | ఏమీ కాదు |
| నాలుగు గళ్ళు | నెత్తిన పనులు మరీ ఎక్కువవడం | వారానికి అరగంట | సంబంధం లేదు | ఏమీ కాదు |
| ఓపికను బట్టి పని | ఓపిక | మొదటి వారం గంటకో అంకె, తర్వాత ఏమీ లేదు | కొంత తట్టుకుంటుంది | పర్వాలేదు |

## ఆరు పనుల చీటీ

దీని గురించి ఒక కథ చెబుతారు. 1918లో అమెరికాలో బెత్లెహెం స్టీల్ అనే ఉక్కు కంపెనీని నడిపే చార్లెస్ శ్వాబ్, తన అధికారుల పని మెరుగుపడాలంటే ఏం చేయాలని ఐవీ లీ అనే సలహాదారుని అడిగాడట. ఆయన చెప్పింది ఇంతే: రాత్రి పని ముగించే ముందు రేపటి ఆరు పనులు ముఖ్యమైన వరుసలో రాసుకోండి. పొద్దున మొదటిది అయ్యేదాకా రెండోది ముట్టుకోకండి. మిగిలినవి మర్నాటి చీటీలోకి వెళ్తాయి. మూడు నెలలకి శ్వాబ్ 25,000 డాలర్ల చెక్కు పంపాడని అంటారు. ఉక్కు కంపెనీలో పుట్టిన పద్ధతి కాబట్టి ఉక్కునగరం ఉన్న మన ఊళ్ళో దీన్ని మొదట చెప్పడం నాకు ఇష్టం.

మా వంటింటి తలుపు పక్కన రోజుకో కాగితం చింపే క్యాలెండర్ వేలాడుతుంది. రాత్రి ఆ రోజు కాగితం చింపి, వెనక ఖాళీ వైపు రాస్తాను. అరచేయంత కాగితం. ఆరు వరుసలు దాటితే అక్షరాలు పట్టవు, అదే దాని గొప్ప. పోయిన నెల 19వ తారీఖు రాత్రి రాసిన చీటీ ఇంకా నా పర్సులో ఉంది: జీఎస్టీ రిటర్ను. పాప ఫీజు. అత్తయ్య బీపీ మాత్రలు. గ్యాస్ బుకింగ్. టైలరు దగ్గర జాకెట్టు. పిన్నికి ఫోను. మొదటి నాలుగూ కొట్టేసి ఉన్నాయి. పిన్నికి ఫోను మరుసటి చీటీలోనూ ఉంది, ఆ తర్వాతి చీటీలోనూ ఉంది.

చీటీ నాకు నేర్పింది పని పేరు ఎలా రాయాలో. "ఇల్లు సర్దాలి" అని రాస్తే పదకొండు రోజులు చీటీ నుంచి చీటీకి మారుతూనే ఉంది. "అలమారాలో పై అర" అని రాసిన రోజునే అయిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో కనపడని పనిని చేయి ముట్టుకోదు.

లోటు కూడా చెబుతాను. వరుస తప్పకూడదన్న నియమం ఆఫీసులో నడుస్తుంది, ఇంట్లో నడవదు. గ్యాస్ బండ దానికి వీలైన గంటకే వస్తుంది. అందుకే నేను పై మూడు వరుసలు బయటి పనులకి, కింది మూడు ఇంటి పనులకి అని విడదీశాను. ఇంటి మూడింటికి వరుస పెట్టుకోలేదు.

## గంటల పట్టీ

రోజంతా గళ్ళు గీసి ఒక్కో గడిలో ఒక్కో పని పెట్టడం. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! నేను ఒక ఆదివారం కూర్చుని రంగు పెన్నులతో వారం మొత్తం గీశాను. మంగళవారం ఎన్‌ఏడీ కూడలి దగ్గర లారీ ఒకటి ఆగిపోయి, కొత్తవలస నుంచి వచ్చే 28కె బస్సులో నలభై నిమిషాలు నిలబడ్డాను. పై గడి ఒకటి వెనక్కి జరిగితే కింద గడులన్నీ వెనక్కి జరిగాయి. సాయంత్రానికి ఆ కాగితం చూస్తుంటే ఏడుపొచ్చింది. పని ఆగినందుకు కాదు, అన్నీ తప్పినట్టు కనిపించినందుకు.

కానీ దీన్ని చెడ్డ పద్ధతి అనను. ఎవరి రోజు వాళ్ళ చేతిలో ఉంటే, అంటే ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పేవాళ్ళు, సొంతంగా డిజైనింగో ఆడిటింగో చేసుకునేవాళ్ళు, పరీక్షలకి చదివేవాళ్ళు, వీళ్ళకి దీన్ని మించింది లేదు. 1955లో పార్కిన్‌సన్ అనే ఆంగ్లేయుడు రాసిన మాట ఒకటుంది: పని, దానికిచ్చిన సమయమంతా నిండేదాకా సాగుతుంది అని. హద్దు లేని రోజున్నవాళ్ళకి ఈ గళ్ళే హద్దు. గీసేటప్పుడు మాత్రం రెండు గడులకొకటి ఖాళీగా వదలండి. ఆ ఖాళీ గడి లేకపోతే ఒక్క లారీ చాలు.

## 25 నిమిషాల టైమర్

1980ల చివర్లో ఫ్రాన్చెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఇటాలియన్‌లో టమాటాని పొమొడోరో అంటారు కాబట్టి పద్ధతికి అదే పేరు. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విరామం. నాలుగు విడతలయ్యాక పావుగంట నుంచి అరగంట దాకా పెద్ద విరామం.

ఇది సమయాన్ని ఆదా చేసే పద్ధతి అంటారు. నా అనుభవంలో ఇది భయాన్ని తగ్గించే పద్ధతి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిచూడాలంటే గుండె గుభేలుమంటుంది. పాతిక నిమిషాలు చూస్తే చాలు అనుకుంటే చేయి కదులుతుంది. ఫోనులో టైమర్ పెట్టకండి, టైమర్ ఆపబోయి వాట్సాప్ తెరుస్తాం. గాజువాకలోనో పూర్ణా మార్కెట్‌లోనో దొరికే మామూలు అలారం గడియారం చాలు.

పసిపిల్లలున్న ఇంట్లో, గిరాకీ వచ్చే దుకాణంలో ఇది అసలు నడవదు. అక్కడ పాతిక నిమిషాలు ఎవరూ ఇవ్వరు.

## నాలుగు గళ్ళు

తొందర ఉన్నవి, లేనివి. ముఖ్యమైనవి, కానివి. కలిపి నాలుగు గళ్ళు. అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో తొందర పనులు ముఖ్యమైనవి కావు, ముఖ్యమైనవి తొందరపెట్టవు అన్న మాటని వేరొకరిదిగా చెప్పాడు. అందుకే ఆయన పేరు దీనికి అతుక్కుపోయింది. దీన్ని రోజూ చేయక్కరలేదు. నెత్తిన ముప్ఫై పనులున్నట్టు అనిపించినప్పుడు ఒక్కసారి అన్నీ రాసి గళ్ళలో పడేయండి. కాదనగలిగే పనులేవో బయటపడతాయి. కాదని చెప్పే హోదా ఇంట్లో గానీ ఆఫీసులో గానీ లేనివాళ్ళకి మాత్రం ఇది ఉత్త బాధ. కొత్త కోడలికి, కొత్త ఉద్యోగికి నేను దీన్ని చెప్పను.

## ఓపికను బట్టి పని

నన్ను నిలబెట్టింది ఇది. ఒక వారం పాటు మెలకువగా ఉన్న ప్రతి గంటా, ఒంట్లో ఓపిక ఎంతుందో ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేసుకోవాలి. అంతే. ఏమీ మార్చకూడదు, దిద్దకూడదు. వారం తిరిగేసరికి మీ ఒంటి అలలు కనిపిస్తాయి.

ఇది మనసు బలహీనత కాదు. మన కణాల్లోనే దాదాపు 24 గంటల గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో తేల్చినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. చాలామందికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు, నాలుగు దాకా చురుకు తగ్గుతుంది. అన్నం తినడం వల్లే అనుకుంటాం గానీ, తినకపోయినా కొంత తగ్గుతుంది.

నా అంకెలు: పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా నాలుగు, ఐదు. పదకొండింటికి మళ్ళీ నాలుగు. రెండున్నరకి రెండు. సాయంత్రం ఏడుకి ఒకటి. నేను కష్టమైన పనులన్నీ ఆ ఒకటి అంకె దగ్గర పెట్టుకుంటున్నాను! పాప లెక్కలు, రేపటి కూరగాయలు తరగడం, బిల్లులు, పిన్నికి ఫోను, అన్నీ రాత్రికే. ఆ కాగితం చూశాకే అత్తయ్య మాట పూర్తిగా అర్థమైంది.

మన ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. దేశమంతటికీ ఒకే గడియారం, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. మనం దానికీ కాస్త తూర్పునే ఉన్నాం. ముంబైతో పోలిస్తే మనకి దాదాపు 40 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. కానీ ఆఫీసులు అక్కడా ఇక్కడా ఒకే వేళకి తెరుస్తారు. మే, జూన్లలో ఐదున్నరకి ముందే సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. ఎండ ఎక్కకముందు, ఎవరూ ఫోను చేయని ఆ వెలుగు మనకి ఉచితంగా దొరికింది. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వాహనాలు ఆపి నడిచేవాళ్ళకి వదిలేది ఆ వేళలోనే. దానికి బదులుగా మధ్యాహ్నం ఉక్కపోత మన దగ్గర బాగా లాగేసుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. విజయవాడ కన్నా డిగ్రీలు తక్కువున్న రోజున కూడా మనం నీరసపడేది అందుకే. వేసవి మధ్యాహ్నాలకి పెద్ద పనులు పెట్టుకోవద్దని ఈ ఊళ్ళో ఎవరికైనా చెబుతాను.

నేను మార్చినవి మూడే. బిల్లులు, లెక్కలు, ఆలోచించి చేయాల్సినవన్నీ పొద్దున ఆరు లోపు అరగంటలోకి తెచ్చాను. వారానికి సరిపడా కూరగాయలు ఆదివారం పొద్దున్నే రైతు బజారులో కొని, ఆ పూటే తరగడానికి వీలైనవి తరిగి డబ్బాల్లో పెడుతున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే ఫోను అల్మారా మీద పెట్టి ముందు స్నానం, తర్వాత ఇరవై నిమిషాలు ఊరికే పడుకోవడం. ఇరవై దాటకూడదు, దాటి గాఢనిద్రలోకి జారితే లేచాక మబ్బుగా ఉంటుంది. ఆ ఇరవై నిమిషాలు లేనప్పుడు గంటంపావు పోయేది.

కాఫీ గురించి కూడా. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండుకీ సగం మిగిలే ఉంటుంది. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది అయిదున్నరకి తగ్గించుకుని పద్ధతులు వెతకడం నీళ్ళు లేని ట్యాంకుకి కుళాయిలు మార్చడమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. వారమంతా అంకెలు రెండు దాటకపోతే పద్ధతులు పక్కన పెట్టి రక్తపరీక్ష చేయించుకోండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉంది. గర్భిణులు కాని ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపు, మగవాళ్ళలో 13 లోపు ఉంటే రక్తహీనతే. నాకు 9.4 వచ్చింది. ఏళ్ళ తరబడి బద్ధకమని నన్ను నేను తిట్టుకున్నది ఇనుము లోపాన్ని. డాక్టరు మాత్రలు రాశారు, భోజనంతో పాటు టీ మానమన్నారు, ఎందుకంటే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మూడు నెలలకి సాయంత్రం ఒకటి అంకె మూడయింది. థైరాయిడ్, షుగరు కూడా ఇలాగే ఓపిక తినేస్తాయి. దయచేసి ఈ పేరా దాటేయకండి.

## ఎవరికి ఏది

షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. వారం వారం మారే ఈ చక్రంలో గంటల పట్టీ పనికిరాదు. మా వారిది ఇదే ఉద్యోగం. ఆయనకి కుదిరింది ఓపికను బట్టి పని, కానీ గడియారాన్ని బట్టి కాదు, లేచినప్పటి నుంచి లెక్క. "లేచిన రెండో గంట బ్యాంకు పని" అని అనుకుంటారు, అది ఏ షిఫ్టుకైనా సరిపోతుంది. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది. పొరపాట్లకి అదే వేళ. పొద్దున బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. ఇంటికొచ్చాక చీకటి గది, దళసరి కర్టెను. ఇది ఆయన ఒక్కరి పని కాదు, ఇంట్లోవాళ్ళందరూ గొంతు తగ్గించాల్సిన పని.

రుషికొండ, మధురవాడ వైపు ఐటీవాళ్ళకి. అమెరికా వాళ్ళతో సాయంత్రం కాల్స్ ఉంటే, మీ పగలు ఖాళీ అనుకుని ఇంటి పనులన్నీ అందులో కుక్కేస్తారు. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చిలో, నవంబరులో వాళ్ళ గడియారం మారినప్పుడల్లా మీ రాత్రి భోజనం కూడా మారుతుంది. గంటల పట్టీని ఏడాదికి రెండు రకాలుగా గీసుకోండి. గాజువాక నుంచి అంత దూరం రోజూ వెళ్ళేవాళ్ళయితే, రానూపోనూ పట్టే సమయాన్ని పని గంటగా లెక్క వేయకండి. బస్సులో మెయిళ్ళు చూస్తే మిగిలేది తలనొప్పే.

పసిపిల్లల తల్లులకి. చీటీ, అదీ ఆరు కాదు, మూడు. ఏ పనీ పదిహేను నిమిషాలు దాటకుండా ముక్కలు చేసుకోండి. మూడిట్లో ఒకటి అయినా ఆ రోజు బాగా గడిచినట్టే. ఇంట్లో మగవాళ్ళు చదువుతుంటే ఒక మాట: ఆ చీటీ వంటింట్లో అందరికీ కనిపించేలా పెట్టండి, అందులో ఏదో ఒకటి మీరు కొట్టేయండి.

గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్ళకి. ద్వారకానగర్‌లోని పబ్లిక్ లైబ్రరీలో రోజంతా కూర్చునేవాళ్ళని చూస్తుంటాను. మీకు తీరిక ఉంది, పొద్దున ఓపికా ఉంది, లేనిది హద్దు. గంటల పట్టీలో టైమర్ కలపండి. పొద్దున కష్టమైన సబ్జెక్టు, మధ్యాహ్నం రెండు తర్వాత పాత ప్రశ్నపత్రాలు, మ్యాపులు, కరెంట్ అఫైర్స్ లాంటి తేలికవి.

దుకాణం నడిపేవాళ్ళకి నెలకోసారి నాలుగు గళ్ళు, రోజూ చీటీ. గిరాకీ లేని మధ్యాహ్నం గంటలో లెక్కలు రాయాలని చూడకండి, అప్పుడు మీ అంకె రెండే. కొట్టు తెరవగానే, మొదటి బేరం రాకముందు రాయండి.

రెండు పద్ధతులు కలపాలంటే చీటీ, ఓపిక లెక్క బాగా కలుస్తాయి. చీటీలో ప్రతి పని పక్కన దానికి ఏ అంకె ఓపిక కావాలో రాసుకుంటే చాలు. టైమర్‌ని వేటితోనైనా కలపవచ్చు. గంటల పట్టీ, నాలుగు గళ్ళు ఒకేసారి మొదలుపెట్టకండి, రాసుకోవడంతోనే రోజు గడిచిపోతుంది. ఏది పట్టుకున్నా మూడు వారాలు చూడండి. అందులో ఒక పండగో, జ్వరమో, చుట్టాల రాకో ఎలాగూ వస్తుంది, పద్ధతి నిలుస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఈ వారం మా వారికి రాత్రి షిఫ్టు. పొద్దున మిక్సీ వేయడానికి లేదు, కుక్కర్ కూత కూడా ఆరున్నర లోపే. అందుకే ఇవాళ్టి కాగితం వెనక నాలుగే రాశాను. పిన్నికి ఫోను పైకి ఎక్కించి, పక్కన "పొద్దున ఆరుకి, మేడ మీద" అని రాశాను.